చిత్తప్రసాద్: ఆకలి బతుకుల్ని అచ్చు వేసిన చేయి

దేశంలో ఎక్కడ ఇప్టా వాళ్ళ సభ జరిగినా నగారా వాయించే మనిషి బొమ్మ ఒకటి కనబడుతుంది. బొమ్మను చాలామంది గుర్తుపడతారు. వేసినవాడెవరని అడిగితే చెప్పగలిగేవాళ్ళు తక్కువ. ఆయన పేరు చిత్తప్రసాద్. బెంగాలీ. 1915లో పుట్టి 1978లో కన్నుమూశాడు. చిత్రకళ తెలిసినవాళ్ళలో ఆయనకు పెద్ద పేరే ఉంది. పట్నాల్లో ఆయన బొమ్మలకు ప్రదర్శనలు పెడుతున్నారు, పుస్తకాలు వేస్తున్నారు. అయితే ఆయన ఎవరి కోసం బొమ్మలు వేశాడో ఆ కూలీనాలీ జనానికి ఆయన కథ చేరాల్సినంత చేరలేదు. అందుకే ఈసారి మన శీర్షికలో ఆయన గురించి చెప్పుకుందాం.

బొమ్మలు వేసేవాడి కథ వ్యవసాయ కార్మికుల శీర్షికలో ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. ఆకలితో చచ్చిపోయిన కూలీలను సర్కారు లెక్కల్లో కనపడకుండా చేస్తున్న రోజుల్లో ఈయన ఊరూరా తిరిగి వాళ్ళను కాగితం మీదికి ఎక్కించాడు. ఆ పుస్తకాన్ని సర్కారు తగలబెట్టింది. ఆ తర్వాత కూడా ఆయన బతికినన్నాళ్ళూ ఉలి పట్టుకొని దిమ్మెలు చెక్కుతూ, మసి పూస్తూ, అచ్చులు తీస్తూ కష్టజీవుల ముఖాలనే లోకానికి చూపించాడు. మనకు పనికొచ్చే సంగతులు ఇందులో చాలా ఉన్నాయి.

తోక పేరు తీసేసినవాడు

చిత్తప్రసాద్ 24 పరగణాల జిల్లా నైహాటిలో పుట్టాడు. పెరిగింది మిడ్నపూరు, చిట్టగాంగులలో. చిట్టగాంగు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. ఇంటిపేరు భట్టాచార్య. పేరు వినగానే బ్రాహ్మణ కుటుంబమని తెలిసిపోతుంది. ఆయన ఆ తోకను తీసేశాడు. బొమ్మల కింద చిత్తప్రసాద్ అని మాత్రమే రాసుకున్నాడు. చిన్న విషయమే అనిపించవచ్చు. కులం పేరు చూసి కుర్చీ వేసే దేశంలో ఆ కుర్చీ మాకొద్దని చెప్పడం అప్పుడూ తేలిక కాదు, ఇప్పుడూ తేలిక కాదు.

1930 ఏప్రిల్‌లో సూర్యసేన్ నాయకత్వంలో చిట్టగాంగు యువకులు బ్రిటిష్ ఆయుధాగారం మీద దాడి చేశారు. 1934 జనవరిలో సూర్యసేన్‌ను ఉరితీశారు. ఆ వేడి ఇంకా చల్లారని ఊళ్ళో చిత్తప్రసాద్ కాలేజీ చదువు సాగింది. తెల్లవాళ్ళ మీద, భూస్వాముల మీద కోపం ఆయనకు పుస్తకాల్లోంచి మాత్రమే వచ్చింది కాదు. 1930ల చివరికల్లా కమ్యూనిస్టులతో కలిశాడు.

ఆయన ఏ చిత్రకళాశాలలోనూ చదివి బయటికి వచ్చినవాడు కాడు. చూసి, వేసి, చెరిపి, మళ్ళీ వేసి నేర్చుకున్నాడు. పార్టీకి పోస్టర్లు కావాలి. చదువురాని రైతుకు యుద్ధమంటే ఏమిటో, ధరలు ఎందుకు పెరుగుతున్నాయో చెప్పాలి. అక్షరం రానివాడికి బొమ్మే అక్షరం. అలా పని అడిగిన కొద్దీ చెయ్యి తిరిగింది.

బియ్యం ఉన్నా కూలివాడికి దొరకలేదు

1943 బెంగాల్ కరువు గురించి పెద్దలు చెప్పగా కొంతైనా విని ఉంటాం. వానలు లేక వచ్చిన కరువనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అసలు సంగతి వేరు.

1942లో జపాన్ సైన్యం బర్మాను పట్టుకుంది. అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగింది. శత్రువు చేతికి చిక్కకూడదని తెల్లదొరలు బెంగాల్ తీరప్రాంతంలో మిగులు ధాన్యం లాగేశారు. పదిమందికి మించి పట్టే పడవలను స్వాధీనం చేసుకున్నారు, చాలావాటిని పాడుచేశారు. పడవ పోతే జాలరికి వేట పోయింది, రైతుకు సరుకు తోలే దారి పోయింది. సైన్యానికీ, కలకత్తా పరిశ్రమలకూ తిండి ముందు, పల్లెకు తర్వాత. వ్యాపారులు గోదాములు నింపి తలుపులు వేసుకున్నారు.

1942 డిసెంబరులో కలకత్తాలో మణుగు బియ్యం 13, 14 రూపాయలుండేది. బెంగాల్ మణుగంటే 37 కిలోల పైచిలుకు. 1943 ఆగస్టుకు అది 37 రూపాయలైంది. ఎనిమిది నెలల్లో రెండున్నర రెట్లు దాటింది. కూలి మాత్రం ధర వెంట పరుగెత్తలేకపోయింది. పొలమున్నవాడు గింజలు దాచుకున్నాడు. కూలి డబ్బుతో బియ్యం కొనుక్కు తినేవాడు రోడ్డున పడ్డాడు. అమర్త్యసేన్ 1981లో వెలువరించిన గ్రంథంలో లెక్కలు వేసి ఈ సంగతే తేల్చాడు. ఆ ఏడాది పంట మరీ అంత తక్కువేమీ కాదు. కొనే శక్తి లేనివాళ్ళు చచ్చిపోయారు. అందరికన్నా ఎక్కువగా దెబ్బతిన్నది వ్యవసాయ కూలీలు, జాలర్లు, చేతివృత్తులవాళ్ళు.

ఎంతమంది పోయారు? సర్కారు వేసిన విచారణ కమిషన్ 15 లక్షలంది. తర్వాత లెక్క చూసినవాళ్ళు 30 లక్షల దాకా చెప్పారు. ఇంత జరుగుతున్నా ప్రభుత్వం కరువు అనే మాటను అధికారికంగా ప్రకటించలేదు. ప్రకటిస్తే కరువు నిబంధనల ప్రకారం పనులు పెట్టాలి, తిండి పెట్టాలి. ప్రకటించకపోతే ఆ బాధ్యత లేదు. కాగితం మీద ఒక మాట రాయకపోతే పల్లెల్లో ఎంత ఘోరం జరుగుతుందో ఇక్కడ చూడండి.

మిడ్నపూరు దారుల్లో

మిడ్నపూరు జిల్లాకు కరువు కన్నా ముందే దెబ్బ తగిలింది. 1942 అక్టోబరు 16న తుఫాను వచ్చి, సముద్రం పొంగి, వేలమంది కొట్టుకుపోయారు. పశువులు పోయాయి, పంట ఉప్పునీటి పాలైంది. పైగా ఆ జిల్లా క్విట్ ఇండియా ఉద్యమంలో తిరగబడ్డ జిల్లా. సర్కారుకు దాని మీద కక్ష.

1943 నవంబరులో చిత్తప్రసాద్ ఆ జిల్లాలో తిరిగాడు. చిన్నప్పుడు తను చూసిన ఊళ్ళే. చేతిలో కాగితాలు, సిరా, కుంచె. ఖాళీ అయిన ఇళ్ళు చూశాడు. గంజి కేంద్రాల దగ్గర జనాన్ని చూశాడు. కుక్కలూ రాబందులూ తిరిగే చోట్లు చూశాడు. ఎముకల గూడుగా మారిన మనుషుల ఎదుట కూచొని బొమ్మ గీశాడు. వాళ్ళను అడిగి తెలుసుకున్నది రాసుకున్నాడు.

ఇక్కడ మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. చాలా బొమ్మల పక్కన ఆయన ఆ మనిషి పేరు రాశాడు, ఊరు రాశాడు. ఆకలిగొన్న జనం అని గుంపుగా చెప్పి వదిలెయ్యలేదు. ఫలానా ఊరి ఫలానా మనిషి అన్నాడు. లక్షల్లో చచ్చిపోయారంటే వినేవాడి చెవికి అది అంకె. పేరూ ఊరూ ముఖమూ కలిపి చూపిస్తే ఆ చావుకు జవాబు చెప్పాల్సినవాడు తప్పించుకోలేడు.

మేం కూలి బకాయిల కోసం ఊళ్ళల్లో తిరిగేటప్పుడు ఇది ఎన్నోసార్లు అనుభవానికి వచ్చింది. ఇన్ని వందలమందికి కూలి రాలేదని అర్జీ పెడితే ఆఫీసులో ఆ కాగితం ఫైలు అడుక్కి పోతుంది. ఏ వీధిలో ఎవరికి ఎన్ని రోజుల కూలి ఎంత రావాలో పేరు పేరునా రాసి, వేలిముద్రలు వేయించి ముందు పెడితే కుర్చీలో ఉన్నాయన కాస్త కదులుతాడు. కూలివాడి పేరు రాయడమంటే వాడికి లెక్క ఉందని చెప్పడం.

తగలబడ్డ పుస్తకం

ఆ బొమ్మలనూ, ప్రయాణం గురించి తను రాసిన దాన్నీ కలిపి చిత్తప్రసాద్ ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. హంగ్రీ బెంగాల్ దాని పేరు. ఆకలి బెంగాల్ అని అర్థం. బ్రిటిష్ ప్రభుత్వం ఊరుకోలేదు. 5,000 ప్రతులను పట్టుకొని నాశనం చేసింది. బాంబులూ తుపాకులూ చేతిలో ఉన్న సామ్రాజ్యం ఒక బక్క పుస్తకానికి జడిసింది. ఎందుకు? అందులో ఉన్నదానికి బదులు చెప్పడం వాళ్ళ వల్ల కాదు గనక.

ఒక్క ప్రతి మాత్రం మిగిలింది. ఆయన కుటుంబం దాన్ని బ్యాంకులో భద్రంగా దాచుకుంది. 2011లో ఆ ప్రతిని చూసి ఉన్నదున్నట్టు మళ్ళీ అచ్చు వేశారు. దాదాపు ఏడు పదుల ఏళ్ళ తర్వాత ఆ మిడ్నపూరు మనుషులు మళ్ళీ మన ముందుకొచ్చారు.

పుస్తకం కాలిపోయినా ఆయన పని ఆగలేదు. బొంబాయి నుంచి పి.సి. జోషి సంపాదకత్వంలో వచ్చే పార్టీ పత్రిక పీపుల్స్ వార్‌లో ఆయన బొమ్మలు పడ్డాయి. ఫొటోలు తీసే సునీల్ జానా ఒకవైపు, బొమ్మలు గీసే చిత్తప్రసాద్ ఒకవైపు కరువును దేశానికి చూపించారు. 1943లో పుట్టిన ఇప్టాకు మనం మొదట చెప్పుకున్న నగారా బొమ్మ వేసిపెట్టాడు.

మరో మంచి పని కూడా చేశాడు. చిట్టగాంగు ప్రాంతపు కుర్రవాడు సోమనాథ్ హోర్‌ను వెంట తిప్పుకొని ఆకలి మనుషులను, రోగులను ఎదురుగా కూచొని గీయడం నేర్పాడు. ఆ కుర్రవాడే 1946లో రంగపూర్ పల్లెల్లో తిరిగి తెభాగా ఉద్యమాన్ని బొమ్మల్లోనూ రాతలోనూ పట్టుకున్నాడు. పంటలో మూడింట రెండు వంతులు మాకు రావాలని కౌలు పాలికాపులు లేచిన పోరాటమది. సోమనాథ్ హోర్ తర్వాత దేశంలో పెద్ద శిల్పిగా, చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. తనకొచ్చిన విద్యను చిత్తప్రసాద్ మూట కట్టి దాచుకోలేదు.

దిమ్మె, ఉలి, మసి

1946 నాటికి ఆయన బొంబాయిలో స్థిరపడ్డాడు. 1940ల చివర పార్టీలో పంథా మారి, కొట్లాటలు ముదిరినప్పుడు పార్టీ పనికి దూరమయ్యాడు. దూరమయ్యాడే గాని అవతలి గట్టుకు చేరలేదు. మిల్లు యజమానుల గోడలకు బొమ్మలు వేసి బంగళా కట్టుకోలేదు. అంధేరిలో ఒక చిన్న ఇంట్లో, చాలీచాలని రాబడితో దశాబ్దాలు గడిపాడు. ఆ ఇంట్లో ఆయన చేసిన పనిలో పెద్ద భాగం లినోకట్లు. అదేమిటో కాస్త విడమరిచి చెప్పుకుందాం.

పెడన, బందరు వైపు కలంకారీ అద్దకం చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ టేకు చెక్క మీద పువ్వూ లతా చెక్కి, రంగులో ముంచి, బట్ట మీద అద్దుతారు. లినోకట్టు కూడా అదే కుటుంబం. చెక్కకు బదులు లినోలియం. ఇళ్ళల్లో నేల మీద పరిచే మందపాటి పట్టా అది. అవిసె నూనె, బెండు పొడి కలిపి జనపనార గోనె మీద పట్టించి తయారుచేస్తారు. చెక్కకున్నట్టు దానికి పోగు ఉండదు. కాస్త ఎండలో పెడితే మెత్తబడుతుంది. ఉలి ఎటు తిప్పితే అటు పోతుంది.

దాని మీద ముందు బొమ్మ గీసుకోవాలి. తర్వాత చిన్న చిన్న ఉలులతో చెక్కాలి. చెక్కేసిన చోటు కాగితం మీద తెల్లగా వస్తుంది. వదిలేసిన చోటు నల్లగా పడుతుంది. రోలరుతో నల్లసిరా పూసి, కాగితం పరిచి, అచ్చుయంత్రం లేకపోతే గరిటె వెనకవైపుతో రుద్దినా చాలు, బొమ్మ దిగుతుంది. కుడి ఎడమలు తారుమారవుతాయి గనక దిమ్మె మీద అన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కుకోవాలి. అక్షరాలైతే మరీ జాగ్రత్త. ఒక్కసారి ఉలి జారిందా, తీసేసిన ముక్క మళ్ళీ అతకదు.

కుంచెతో వేసిన బొమ్మ ఒక్కటే ఉంటుంది. కొన్నవాడి గోడకు పోతుంది. చెక్కిన దిమ్మె అలా కాదు. ఒకటి వేసినా అదే, వంద వేసినా అదే. ఖర్చు తక్కువ. ఒకడి దగ్గర ఉన్నది చింపేస్తే ఇంకొకటి తీయవచ్చు. 5,000 ప్రతులు తగలబడటం చూసిన మనిషికి ఇలాంటి దిమ్మెలు చేతికింద ఉండటం ఎంత ధైర్యమో మేం ఊహించగలం. చైనాలో లూ సున్ 1930ల్లో యువ చిత్రకారుల చేత చెక్క అచ్చులు పట్టించింది కూడా ఇందుకే. పేదల ఉద్యమానికి పేద పనిముట్టు సరిపోతుంది.

ఈ నలుపూ తెలుపుల్లో చిత్తప్రసాద్ ఎవరిని చెక్కాడు? మూటలు మోసేవాళ్ళను, నాగలి పట్టేవాళ్ళను, బిడ్డను ఎత్తుకున్న తల్లులను. కరువు రోజుల బొమ్మల్లో మనుషులు బక్కచిక్కి నేలకు ఒరిగిపోయి ఉంటారు. తర్వాతి లినోకట్లలో చాలాచోట్ల కష్టజీవి నిటారుగా నిలబడతాడు. చేతులు పెద్దవిగా, బలంగా ఉంటాయి. ప్రపంచ శాంతి కోసం కూడా ఎన్నో బొమ్మలు చెక్కాడు.

పిల్లల మీద ఒక వరస చెక్కాడు. బడికి పోవాల్సిన ఈడులో పనికి పోయే పిల్లలు, చెల్లినో తమ్ముడినో చంకనెత్తుకొని తిరిగే పిల్లలు. కథలు లేని దేవదూతలు అనే అర్థం వచ్చే పేరు దానికి పెట్టాడు. అవి 1969లో డెన్మార్కు యునిసెఫ్ సంఘం ద్వారా పుస్తకంగా వచ్చాయి. జాలి పుట్టించి చేతులు దులుపుకొనే బొమ్మలు కావవి. చూస్తున్నవాడిని ఆ పిల్లలు నిలదీస్తున్నట్టు ఉంటుంది.

కథలు లేని పిల్లలకు తనే కథలు చెబుదామనుకున్నాడు. ఖేలాఘర్ అని తోలుబొమ్మలాటల్లాంటి బొమ్మలాట ఒకటి పెట్టుకొని, తనే బొమ్మలు తయారుచేసి బీద పిల్లలకు ఆడించాడు. చెకోస్లోవాకియా బొమ్మలాటవాళ్ళతో స్నేహం కుదిరింది. ఆ దేశంవాళ్ళు ఆయన అచ్చులను కొని తమ మ్యూజియంలో పెట్టుకున్నారు. 1972లో అక్కడి దర్శకుడు పావెల్ హోబ్ల్ ఆయన మీద ఒక సినిమా తీశాడు. ఎక్కడో ఉన్న దేశం గుర్తించిన మనిషి సొంత దేశంలో అద్దె కోసం తడుముకుంటూ బతికాడు. మన దేశపు సంపన్నులకు ఆకలి బొమ్మ గోడకు తగిలించుకోవడం ఇష్టం లేదు మరి. ఆయన పోయాక ఆ బొమ్మలకు ధర పెరిగింది. అది వేరే కథ.

1978 నవంబరు 13న కలకత్తాలో చిత్తప్రసాద్ కన్నుమూశాడు. అప్పటికి 63 ఏళ్ళు.

మనం తీసుకోవాల్సింది

ఇలాంటి జీవితాన్ని చూసి అయ్యో పాపం అనుకోవడం తేలిక. ఆయనకు కావాల్సింది అది కాదని మేం అనుకుంటున్నాం. పార్టీ ఉన్నప్పుడు పార్టీలో, లేనప్పుడు ఒక్కడే ఇంట్లో కూచొని, ఎవరి పక్షాన నిలబడాలో మరిచిపోకుండా చేతిపని చేసుకుంటూ పోయాడు. చప్పట్లు కొట్టేవాళ్ళు లేరని ఉలి కింద పెట్టలేదు. మన సంఘాల పని కూడా చాలావరకు ఇలాంటిదే. సమ్మె, ఊరేగింపు ఏడాదికి కొన్ని రోజులు. మిగతా రోజులన్నీ సభ్యత్వ రసీదులు రాయడం, పేర్లు రాసుకోవడం, వాడలో కూచొని మాట్లాడటం. ఆ రోజువారీ పని సాగితేనే ఆ కొద్ది రోజులకు బలం.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోనుంది. పొలంలో జారిపడిన కూలీని, ట్రాలీ బోల్తాపడి చచ్చిపోయిన ఆడకూలీలను క్షణంలో ఫొటో తీస్తున్నాం, పంపుతున్నాం. రెండు రోజులకు కొత్త ఫొటో వస్తుంది, పాతది కిందికి పోతుంది. ఆ ఫొటోలో ఉన్నామె పేరేమిటి, ఏ ఊరు, ఎవరి పొలానికి పోతోంది, ఎంత కూలికి పోతోంది అని ఆరు నెలల తర్వాత అడిగితే మన దగ్గర కాగితం ఉండాలి. ఫొటో తీయడం మానమని మేం చెప్పడం లేదు. దాని కింద పేరూ ఊరూ తేదీ రాసి సంఘం పుస్తకంలో అతికించమంటున్నాం. చిత్తప్రసాద్ మిడ్నపూరులో చేసింది అదే.

ఇంకొక మాట. ప్రతి మండలంలో బొమ్మలు వేసే కుర్రవాళ్ళు, అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళను గోడరాతలకు పిలిచి టీ తాగించి పంపించడంతో సరిపోదు. ఒక లినోలియం ముక్క, నాలుగు ఉలులు, ఒక సిరా డబ్బా పెద్ద ఖర్చు కాదు. ఊళ్ళో కూలి రేటు కోసం జరిగిన పోరాటాన్ని, అందులో ముందు నిలబడ్డ మనిషిని వాళ్ళ చేత చెక్కించి, పేరు రాసి, అచ్చులు తీసి ప్రతి గుడిసెకూ ఒకటి ఇవ్వవచ్చు. దిమ్మెను మాత్రం సంఘం ఆఫీసులో భద్రంగా పెట్టుకోవాలి. కాగితాలు చిరిగిపోతే మళ్ళీ తీసుకోవచ్చు.